కానుక అక్కడే పెట్టి, మొదట వెళ్లు

కడప, జమ్మలమడుగు, గుత్తి వైపు సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) చర్చీల్లో పెరిగినవాళ్లకు, రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారపు ఆరాధనలో ఒక చిన్న ఘట్టం బాగా తెలుసు. ప్రసంగం అయిపోయి, కానుకల సంచి ఇంకా తిరగకముందు అయ్యగారు (పాస్టరు) ‘సమాధానం’, అంటే శాంతి, చేతులు కలిపి అందిస్తారు. అందుకున్నవాళ్లు పక్కవాళ్లకు, వాళ్లు వెనక వరసకు అందిస్తారు. పద్ధతి ప్రకారమైతే ఇద్దరూ కుడి అరచేతులు కలిపి, ఎడమ చేత్తో అవతలివారి కుడిచేతిని మూయాలి. ఇప్పుడు చాలాచోట్ల ‘వందనాలండి’ అని తల ఊపి సరిపెడుతున్నాం. అది నాకు బాధగా ఉంటుంది. 1950లో ఆరాధన క్రమం తయారుచేసిన పెద్దలు సమాధానాన్ని కానుకకు ముందు ఊరికే పెట్టలేదు. మత్తయి సువార్త 5లో ప్రభువైన యేసు చెప్పిన వరస అదే: “అక్కడ బలిపీఠము నెదుటనే నీ యర్పణము విడిచిపెట్టి, మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము.”

ప్రభువు ఆ మాట అన్నది గలిలయలో. బలిపీఠం ఉన్నది యెరూషలేములో. మూడు నాలుగు రోజులు నడిచి, అర్పణ చేతబట్టుకుని గుమ్మం దాకా వచ్చిన మనిషిని మళ్లీ ఊరికి పొమ్మంటున్నాడు ప్రభువు. పోవడానికి అన్ని రోజులు, రావడానికి అన్ని రోజులు. అంతవరకూ దేవుడు ఆగుతానంటున్నాడు.

ఇంకొక సంగతి. ఆ మాటకు ముందు వచనంలో ప్రభువు గుర్తుచేసుకోమన్నది నీకు ఎవరిమీద కోపముందని కాదు, నీమీద ఎవరికి విరోధముందని. మనకు ఎవరెవరు అన్యాయం చేశారో గుళ్లో కూర్చున్నా గుర్తే. మనవల్ల ఎవరు నొచ్చుకున్నారన్నది మాత్రం ఎవరో అడిగితే గానీ తలపుకు రాదు.

మా వైపు ఒక సంఘంలో అన్నదమ్ములిద్దరు బోరు నీళ్ల వంతుల దగ్గర మాటామాటా పెరిగి పలకరింపులు మానేశారు. అన్న ముందు వరసలో, తమ్ముడు తలుపు దగ్గర. సమాధానం ఇచ్చే వేళకు తమ్ముడు చెప్పులేసుకుని బయటికి పోయేవాడు, కానుకల పాట మొదలయ్యాక లోపలికి వచ్చేవాడు. ఒక మట్టలాదివారం అన్నే వరస వదిలి బయటికి వెళ్లాడు. వేపచెట్టు కింద నిలబడ్డ తమ్ముడి చెయ్యి పట్టుకుని, “రా అబ్బీ. నీళ్ల సంగతి పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి తేల్చుకుందాం. ముందు లోపలికి రా” అన్నాడు. తమ్ముడు ఒక్క మాటా అనకుండా వెంట నడిచాడు. వంతుల తగాదా ఆ రోజు తీరలేదు, ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. మనుషులు మాత్రం పక్కపక్కన కూర్చుంటున్నారు.

కక్ష అంటే ఏమిటో సీమవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. పొలాల్లాగే పగ కూడా తండ్రి నుంచి కొడుకుకు వచ్చిన ఊళ్లు మనవి. అందుకే ‘క్షమించేస్తే పోలా’ అని తేలిగ్గా చెప్పే బోధ నాకు నచ్చదు. ప్రభువు కూడా అలా చెప్పలేదు. మత్తయి 18 ఉపమానంలో, రాజు దగ్గర పెద్ద అప్పు మాఫీ అయిన దాసుడొకడు తనకు బాకీ ఉన్న తోటి దాసుణ్ణి పట్టుకుంటాడు. ఆ బాకీ నూరు దేనారాలు. దేనారమంటే ఒక రోజు కూలి. 2006లో మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైనప్పుడు ఒక ఇంటికి ఏడాది మొత్తానికి ఇస్తామన్నది నూరు రోజుల పనే. అంత కూలి పోగొట్టుకున్నవాడికి అది చిన్న నష్టమా? కాదు. నీకు జరిగిన నష్టం నిజమేనని ప్రభువు ఒప్పుకుంటున్నాడు. ఆ పక్కనే, అదే మనిషికి రాజు కొట్టేసిన పదివేల తలాంతుల పద్దు చూపిస్తున్నాడు. ఒక్క తలాంతు అంటే సుమారు ఆరువేల దేనారాలు. ఎన్ని తరాలు కూలికి పోతే తీరుతుంది అది?

ఇక్కడే మనకు దేవుడితో సాన్నిహిత్యం ఎందుకు తెగుతుందో అర్థమవుతుంది. ఒకరిమీద కసి పెట్టుకుని ప్రార్థనకు కూర్చుని చూడండి. కళ్లు మూసుకోగానే ముందుకొచ్చేది ఆ మనిషి మొహమే. పెదవులు ‘పరలోకమందున్న మా తండ్రీ’ అంటుంటాయి, మనసు ఆ మనిషితో వాదన పెట్టుకుని ఉంటుంది. ‘మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము’ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గుతుంది.

యాకోబు కథ చూడండి. అన్న ఏశావును మోసం చేసి, పారిపోయి, ఇరవై ఏళ్లు మామ ఇంట్లో బతికాడు. తిరిగొస్తుంటే ఏశావు నాలుగు వందల మందితో ఎదురొస్తున్నాడని కబురు. సీమలో ఆ కబురు వింటే ఏమనుకుంటామో యాకోబూ అదే అనుకున్నాడు. కానీ ఏశావు పరుగెత్తి వచ్చి మెడమీద పడి ముద్దుపెట్టుకున్నాడు, ఇద్దరూ ఏడ్చారు. అప్పుడు యాకోబు అన్నాడు: “దేవుని ముఖము చూచినట్టు నీ ముఖము చూచితిని.” ముందురోజు రాత్రి పెనూయేలు అనే చోట దేవుణ్ణి ముఖాముఖిగా చూశానని చెప్పిన మనిషి ఈ మాట అంటున్నాడు. తెల్లారాక అదే ముఖాన్ని తాను అన్యాయం చేసిన అన్నలో చూశాడు.

తర్వాత వాళ్లు ఒకే ఊళ్లో కాపురం పెట్టలేదు. ఏశావు శేయీరుకు, యాకోబు సుక్కోతుకు వెళ్లారు. ఇది గుర్తుపెట్టుకోవాలి. కొట్టే భర్త దగ్గరికి తిరిగి పొమ్మని, నేరం చేసినవాడిమీద కేసు వెనక్కి తీసుకొమ్మని క్షమాపణ పేరుతో ఎవరినీ ఒత్తిడి చేయకూడదు. దూరంగా ఉంటూనే పగ వదులుకోవచ్చు. అవతలివాళ్లు తలుపు తీయకపోయినా మన వంతు మనం చేసినట్టే. అందరితో సమాధానంగా ఉండమన్నప్పుడు పౌలు కూడా “మీ చేతనైనంత మట్టుకు” అనే రాశాడు.

చాలా సంఘాల్లో సంస్కారం నెల మొదటి ఆదివారం ఉంటుంది. వెళ్లి కలవాల్సిన మనిషి గుర్తొస్తే ఆ వారంలోనే, పని దిగి ఇంటి దగ్గర ఉండే వేళ చూసుకుని వెళ్లండి. ఆదివారం పొద్దున గుడికి బయల్దేరే హడావుడిలో వద్దు. ఎవరిది తప్పో తేల్చే లెక్కలతో మాట మొదలుపెట్టకండి. బాగున్నావా అని అడిగి, మంచినీళ్లిస్తే తాగి, చెప్పాలనుకున్నది చెప్పి రండి.