పాలిష్ పెట్టని వాచీ

పాత స్విస్ వాచీల సేకరణ అనగానే చాలామందికి వేలంపాటల ధరలే గుర్తుకొస్తాయి. నటుడు పాల్ న్యూమన్ చేతికి పెట్టుకున్న రోలెక్స్ డేటోనా 2017లో న్యూయార్క్‌లో కోటీ 77 లక్షల డాలర్లకు అమ్ముడుపోవడం అందుకు ఒక కారణం కావచ్చు. నాకు మాత్రం ఆ ధరకన్నా, 1988లో వచ్చిన డేటోనా లోపల తిరిగిన యంత్రం చరిత్రే గొప్పదనిపిస్తుంది.

ఆ యంత్రం పేరు ఎల్ ప్రిమెరో. దాన్ని తయారుచేసిన జెనిత్ కంపెనీని 1865లో జార్జ్ ఫావ్ర్ జాకో, జూరా పర్వతాల్లోని ల లోక్ల్ పట్టణంలో స్థాపించాడు. స్టాప్‌వాచీ సౌకర్యం ఉంటూ, రోజూ కీ ఇవ్వనక్కర లేకుండా చేతి కదలికతోనే నడిచే వాచీని తేవాలని 1960లలో పలు కంపెనీలు పోటీపడుతుండగా, జెనిత్ 1969 జనవరిలో దీన్ని లోకానికి చూపించింది. ఇందులోని బ్యాలెన్స్ చక్రం గంటకు 36,000 లెక్కన, అంటే సెకనుకు పది లెక్కన, కొట్టుకుంటుంది కాబట్టి సెకనులో పదో వంతును కూడా కొలవవచ్చు. అంత పనిచేసే యంత్రం మందం 6.5 మిల్లీమీటర్లే.

అదే ఏడాది డిసెంబరు 25న జపానులో, స్ప్రింగుకు బదులు బ్యాటరీతో నడిచే సైకో ఆస్ట్రాన్ క్వార్ట్‌జ్ వాచీ విడుదలయింది. ఆ తరువాతి పదిహేనేళ్ళలో స్విస్ వాచీ పరిశ్రమలో సుమారు 90,000 మందికి ఉన్న ఉద్యోగాలు మూడో వంతుకు పడిపోయాయి. అప్పటికి జెనిత్ అమెరికన్ యాజమాన్యం చేతిలో ఉంది. మెకానికల్ వాచీల తయారీ ఆపేయాలని, పనిముట్లను వదిలించుకోవాలని 1975లో ఆదేశం వచ్చినప్పుడు, షార్ల్ వెర్మో అనే ఉద్యోగి దాన్ని మన్నించలేదు. ఎల్ ప్రిమెరో భాగాలు చేసే ప్రెస్సు అచ్చులను, కోత పనిముట్లను ఒక్కొక్కటిగా ఫ్యాక్టరీ అటక మీదికి చేర్చి, వేటికవి గుర్తులు పెట్టి, తయారీ పద్ధతులను రాసి భద్రపరిచాడు. 1980లలో మళ్ళీ గిరాకీ వచ్చినప్పుడు ఆ పనిముట్లతోనే తయారీ మొదలయింది. రోలెక్స్ ఆ యంత్రాన్ని తీసుకుని, వేగాన్ని 28,800కు తగ్గించి, మరెన్నో మార్పులు చేసి తన డేటోనాలో అమర్చింది.

పనివాడు అంత పట్టుదలతో కాపాడినదాన్ని మనం అజాగ్రత్తగా చెరిపేయడం నాకు బాధ కలిగిస్తుంది. కేసుకు, అంటే యంత్రాన్ని మూసి ఉంచే బయటి లోహపు డిప్పకు, పాలిష్ పెట్టిన ప్రతిసారీ కొంత లోహం అరిగిపోతుంది. పదునుగా చెక్కిన అంచులు గుండ్రబడతాయి. సన్నని గీతల నగిషీ మాసిపోతుంది. అవి పోయాక ఎంత మెరిసినా అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపం కాదు. డయల్‌కు మళ్ళీ రంగు వేయించడం అంతకన్నా నష్టం. మన దేశంలో అలా కొత్త రంగులు వేసి అమ్మే పాత స్విస్ వాచీలు ఎన్ని ఉన్నాయంటే, విదేశీ సేకర్తలు వాటికి బొంబాయి పేరే తగిలించారు.

వాటిని పోల్చుకోవడానికి భూతద్దం పెట్టి డయల్ అడుగున, ఆరు అంకె దగ్గర చూడాలి. అసలు అచ్చులో ‘స్విస్ మేడ్’ అక్షరాలు వెంట్రుకంత సన్నగా ఉన్నా అంచులు తేటగా ఉంటాయి, నిమిషాల గీతలు సమదూరంలో ఉంటాయి. మళ్ళీ వేసినదానిలో సిరా అలుక్కున్నట్టు ఉంటుంది, గీతలు ముల్లు చివరకు సరిగా కలవవు.

మన ఇళ్ళలో తాతల నాటి ఫావ్ర్ ల్యూబా వాచీలు ఇంకా బీరువాల్లో ఉన్నాయి. ఆ కంపెనీ 19వ శతాబ్దంలోనే బొంబాయిలో వ్యాపారం మొదలుపెట్టింది. అలాంటిది మీ దగ్గర ఉంటే, ఏళ్ళ తరబడి ఆగి ఉన్నదానికి ఒక్కసారిగా కీ ఇవ్వకండి. లోపలి నూనె ఎండిపోయి ఉంటుంది కాబట్టి పళ్ళచక్రాలు అరిగిపోతాయి. నమ్మకమైన మెకానిక్‌కు ఇచ్చి విప్పించి శుభ్రం చేయించండి, కొత్త నూనె వేయించండి. కేసుకు పాలిష్ వద్దని, డయల్ జోలికి పోవద్దని, మార్చిన పాత భాగాలన్నీ తిరిగి ఇవ్వాలని ముందుగానే చెప్పండి.