ఎస్టీమ్ టర్బో పని, ఆరో విడత: పొగ టర్బోది కాదు

కిందటిసారి, నా మారుతీ ఎస్టీమ్ కారు నీలి పొగ కక్కుతోందంటే, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే పరికరం) సీళ్లు పోయాయని తేల్చేశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. టర్బో దించి, సీళ్ల కిట్టు మార్పించి, మళ్లీ బిగించి స్టార్ట్ చేస్తే అదే నీలి పొగ. నాలుగు వారాల ఆదివారాలు, కిట్టు ఖర్చు, అన్నీ నీళ్లపాలు.

సంగతి పట్టింది బాలానగర్‌లో నాకు ఫ్లాంజులు కోసిచ్చే లేత్ అన్న. బానెట్ లేపగానే, "తమ్మీ, టర్బో ముచ్చట తర్వాత. గా డిప్‌స్టిక్ ఎందుకు పైకి లేచింది?" అన్నాడు. నిజమే, ఇంజిన్ నూనె మట్టం చూసే ఆ కడ్డీ రెండు వేళ్ల మందాన లేచి ఉంది. చూసిన ప్రతిసారీ నేనే సరిగ్గా నొక్కలేదనుకుని లోపలికి తోసేవాణ్ని!

ఇది రోడ్డు బండి కాదు. ట్రైలర్ మీద చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి వెళ్లొచ్చే బండి. 1298 సీసీ, 16 వాల్వుల జీ13 ఇంజిన్, 0.5 బార్ బూస్ట్ (టర్బో తోసే అదనపు గాలి ఒత్తిడి). బూస్ట్ వేడికి పిస్టన్ రింగులు సాగి కొసలు ఒరుసుకోకుండా గ్యాప్ మామూలు కంటే ఎక్కువే ఉంచాం. అంటే పిస్టన్ పక్క నుంచి కిందికి జారే గ్యాస్ కూడా ఎక్కువే. ఆ గ్యాస్‌కి బయటికి దారి చాలకపోతే క్రాంక్‌కేస్‌లో (ఇంజిన్ అడుగు పెట్టెలో) ఒత్తిడి పెరుగుతుంది. డిప్‌స్టిక్‌ని పైకి తన్నేది అదే. టర్బోకి నూనె పంపు ఒత్తిడితో వెళ్తుంది గానీ, సంప్‌లోకి (అడుగున ఉండే నూనె తొట్టిలోకి) తిరిగి దిగడం తన బరువుతోనే. కింద నుంచి గాలి ఎదురు తన్నితే నూనె టర్బోలోనే నిలిచి, సీళ్లు దాటి ఎగ్జాస్ట్‌లో కాలుతుంది. కొత్త సీళ్లు వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే.

ఈసారి ఊహల మీద డబ్బు పెట్టదలచుకోలేదు. క్రాంక్‌కేస్ ఒత్తిడి కొలవడానికి పాత ఆయిల్ క్యాప్‌కి రంధ్రం వేసి నిపిల్ బిగించాను. అక్కణ్నుంచి పారదర్శకమైన ట్యూబు. దాన్ని చెక్కకి యూ ఆకారంలో కట్టి, ఒక్కో కాలు 60 సెం.మీ. ఉండేలా, సగం వరకు రంగునీళ్లు పోశాను. మధ్యలో ఒక ఖాళీ సీసా తప్పకుండా పెట్టండి. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా ఊరికే నడుస్తున్నప్పుడు) వ్యాక్యూమ్ గట్టిగా లాగితే నీళ్లు నేరుగా ఇంజిన్‌లోకి పోతాయి. 70 సెం.మీ. నీళ్లంటే సుమారు 1 పీఎస్‌ఐ. గంట అద్దెకి తీసుకున్న డైనో (బండిని నిలిపి ఉంచి ఇంజిన్ శక్తి కొలిచే యంత్రం) మీద ఫుల్ త్రాటిల్ ఇస్తే 4500 ఆర్‌పీఎం దగ్గరే నీళ్లు ఎగజిమ్మి నా చొక్కా తడిపాయి. అంటే రెండు కాళ్లలో నీళ్ల మట్టాల తేడా 60 సెం.మీ. దాటినట్టే.

దోషులు ఇద్దరు తేలారు. మొదటిది పీసీవీ వాల్వ్, అంటే క్రాంక్‌కేస్ గాలిని మానిఫోల్డ్‌లోకి (ఇంజిన్‌కి గాలి పంచే గొట్టాల్లోకి) ఒకే వైపు వదిలే వాల్వ్. మానిఫోల్డ్ వైపు నుంచి నోటితో ఊదితే గాలి ఆగాలి, నాది హాయిగా వదిలేస్తోంది. బూస్ట్ వచ్చినప్పుడల్లా మానిఫోల్డ్ గాలి నేరుగా క్రాంక్‌కేస్‌లోకి దూరుతోందన్నమాట. కొత్తది వేసి, దానికి వరసగా ఒక చెక్ వాల్వ్ కూడా పెట్టాను. తిరిగి కొలిస్తే 35 సెం.మీ.

రెండోది నేను ముచ్చటపడి కొన్న క్యాచ్ క్యాన్, అంటే క్రాంక్‌కేస్ గాలితో వచ్చే నూనెని పట్టే డబ్బా. మెరిసిపోతుంది గానీ నిపిళ్లు లోపల 10 మి.మీ.యే. అది చాలదన్నట్టు, నూనె బాగా ఆగాలని గిన్నెలు తోమే స్టీల్ పీచు నేనే కుక్కి పెట్టాను. గొంతు పిసికినట్టే. అదే 19 మి.మీ. గొట్టం పెడితే వ్యాసం దానికి రెండింతలు కూడా కాదు, గాలి పోయే దారి మాత్రం మూడున్నర రెట్లు.

రాణిగంజ్‌లో నూనెకి తట్టుకునే నైట్రైల్ గొట్టం కొన్నాను. నీళ్ల గొట్టం చవకే, కానీ నూనె ఆవిరికి మెత్తబడి లోపలికి నొక్కుకుపోతుంది. పాత సామాన్లలో దొరికిన ఇంకో వాల్వ్ కవర్‌కి (ఇంజిన్ పై మూతకి) 19 మి.మీ. పోర్టులు రెండు వెల్డ్ చేయించాను. అక్కడా తొందరపడ్డాను: లోపల అడ్డురేకు లేకుండా నడిపితే పది నిమిషాల్లో క్యాన్‌లో పావు లీటరు నూనె. రాకర్లు (వాల్వులను నొక్కే మీటలు) చిమ్మే నూనె నేరుగా పోర్టులోకే పోతోంది. రేకు వేయించాక అది చెంచాల్లోకి దిగింది.

క్యాన్ ఇప్పుడు 2 లీటర్లది, లోపల మట్టం కనిపించేది. పీచు సగానికి తగ్గించాను. గొట్టాలు ఎక్కడా గుంట పడకుండా ఒకే వాలులో దింపాను, లేకపోతే ఆ గుంటలో నూనె నిలిచి దారి మూస్తుంది. క్యాన్ పైన చిన్న ఫిల్టర్, గాలి బయటికే. నా ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) మానిఫోల్డ్ ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ మీద నడుస్తుంది కాబట్టి ఐడిల్‌లో పీసీవీ ఆ ఫిల్టర్ నుంచి గాలి లాగినా లెక్క తప్పదు. లోపలికి పోయే గాలినే కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న బండికి ఇలా చేస్తే ఐడిల్ తూగుతుంది. రోడ్డు బండి అయితే అసలు బయటికి వదలకండి, క్యాన్ నుంచి టర్బో ముందున్న ఇన్‌టేక్ పైపుకే కలపండి.

నిన్నటి కొలత: ఫుల్ త్రాటిల్, 6000 దగ్గర 6 సెం.మీ. ఐడిల్‌లో కొద్దిగా వ్యాక్యూమ్. పొగ లేదు, డిప్‌స్టిక్ కదల్లేదు. క్యాన్‌లో పేరుకున్నది మాత్రం మళ్లీ ఇంజిన్‌లో పోయొద్దు, అందులో నీళ్లూ పెట్రోలూ కలిసి ఉంటాయి.

ఇంత ఒత్తిడి తిన్న క్లచ్ వైపు ఆయిల్ సీల్ ఇంకా నూనె చెమరుస్తోంది. గేర్‌బాక్స్ దించాల్సిందే. సంక్రాంతి సెలవులకి పెట్టుకున్నాను, ఇంట్లో ఇంకా చెప్పలేదు.