ప్రార్థన ఎండిపోయిన కాలం

ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో నా ప్రార్థన ఎండిపోవడం మొదలైంది. అప్పటిదాకా తెల్లవారుజామున చేసే ప్రార్థనంటే నాకు ప్రాణం. సువిశేషంలో ఒక ఘట్టం చదివి, కళ్లు మూసుకుని అందులోకి వెళ్లిపోయేదాన్ని. యెరికో దారి పక్కన గుడ్డి బర్తిమయి కేకలు వేస్తుంటే ఆ గుంపులో నేనూ నిలబడి ఉన్నట్టే ఉండేది. "నీకేం కావాలి?" అని ప్రభువు అడిగితే నన్నే అడిగినట్టు కన్నీళ్లొచ్చేవి. ఆ ఏడాది అదే పేజీ తెరిస్తే అక్షరాలు తప్ప ఏమీ కనబడలేదు. బర్తిమయి లేడు, దారి లేదు. ఫ్యాన్ చప్పుడు, పక్కింటి మోటారు చప్పుడు. జపమాల పూసలు వేళ్ల మధ్య కదులుతున్నాయి, మనసు కదలడం లేదు.

ఇంట్లో కష్టమేమీ రాలేదు, ఉద్యోగం సాఫీగానే సాగుతోంది. ఈస్టర్ జాగరణలో అందరూ కొవ్వొత్తులు పట్టుకుని అల్లెలూయా పాడుతుంటే నేనూ పాడాను, లోపల ఏ చలనమూ లేదు. పోనీ మనసు సినిమాల మీదికో షాపింగ్ మీదికో పోయిందా అంటే అదీ లేదు. దేవుడికి దూరమైపోతున్నానేమోనన్న భయం మాత్రం పగలంతా వెంటాడేది. "ఇంకో నొవేనా (తొమ్మిది రోజుల ప్రార్థన) చెయ్యమ్మా" అన్నారు మా అత్తయ్య. చేశాను. ఇంకా ఎండిపోయింది.

చివరికి కార్మెల్ అనే కతోలిక సన్యాస సభకు చెందిన ఒక పెద్ద సిస్టర్ గారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ ముందు ప్రార్థన సంగతి ఎత్తనే లేదు. "నిద్ర పడుతోందా అమ్మా? అన్నం సహిస్తోందా? చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని అడిగారు. థైరాయిడ్ టెస్ట్ చేయించుకుని, డిప్రెషన్ ఉందేమో డాక్టరుకు చూపించుకుని రమ్మన్నారు. నాకు అలాంటిదేమీ లేదని తేలింది. ఈ మెట్టు ఎవరూ దాటేయకూడదని గట్టిగా చెబుతాను. మన సంఘాల్లో మనోవ్యాధితో నలిగిపోతున్నవాళ్లను "విశ్వాసం తక్కువ" అని ఇంకా నలిపేయడం నేను చూశాను. స్పెయిన్‌కు చెందిన కార్మెల్ సభ పునీతుడు సిలువ యోహాను గారు 16వ శతాబ్దంలోనే ఈ సంగతి రాశారు. ఎండుదనానికి శరీర స్వభావం, విషాద రోగం కూడా కారణం కావచ్చునన్నారు.

చీకటి ఆయనకు అనుభవంలో ఉన్నదే. అదే సభ సన్యాసిని అవిలా తెరేసమ్మతో కలిసి కార్మెల్ సభను సంస్కరిస్తున్నారని ఆయన సొంత సభవాళ్లే 1577 డిసెంబరులో పట్టుకెళ్లి తొలేదోలో బంధించారు. ఇరుకు గది, సరైన వెలుతురు లేదు. ఆ గదిలోనే కవిత్వం అల్లుకున్నారు. 1578 ఆగస్టులో తప్పించుకుని బయటపడ్డారు. 'చీకటి రాత్రి' కవితకు ఆయన తర్వాత రాసిన వ్యాఖ్యానంలో, ఎండుదనం దేవుడి పనో కాదో పోల్చుకోడానికి మూడు గుర్తులు ఉన్నాయి. సిస్టర్ గారు నాతో వాటినే చదివించారు. దైవ విషయాల్లో రుచి ఉండదు, లోక విషయాల్లోనూ ఉండదు. దేవుణ్ణి సరిగా సేవించడం లేదన్న బాధ తొలుస్తూనే ఉంటుంది. మునుపటిలా ఊహతో ధ్యానం చేద్దామన్నా చేతకాదు. రెండో గుర్తు దగ్గర ఆగిపోయాను. బద్ధకం వల్ల చల్లబడిన మనిషికి ఆ బాధ ఉండదట. ఇన్నాళ్లూ నన్ను తినేస్తున్న భయమే నేను దేవుణ్ణి వదల్లేదనడానికి సాక్ష్యం!

అదే పుస్తకంలో ఆయన కట్టె పోలిక చెబుతారు. నిప్పు ముందు కట్టెలోని తడిని వెళ్లగొడుతుంది, నల్లగా చేస్తుంది, కంపు కొట్టిస్తుంది, ఆ తర్వాతే తనలా మండిస్తుంది. కట్టెల పొయ్యి దగ్గర పెరిగినదాన్ని, నాకు ఇంకో వివరణ అక్కర్లేకపోయింది.

ఇక చేయాల్సింది చాలా తక్కువ. నాకు మాత్రం అదే కష్టమైంది. ఊహలు బలవంతంగా తెచ్చుకోవద్దు, ప్రేమతో దేవుడి వైపు ఊరికే మనసు ఉంచమన్నారు సిస్టర్ గారు. పరధ్యానం వస్తే "యేసయ్యా" అన్న ఒక్క మాటతో వెనక్కి రమ్మన్నారు. 14వ శతాబ్దపు ఆంగ్ల గ్రంథం 'అజ్ఞాన మేఘం' కూడా ఇలాంటి చిన్న మాటనే పట్టుకోమంటుంది. సమయం మాత్రం తగ్గించవద్దన్నారు. ఎండుదనంలో ఉండగా పాత నిర్ణయాలు మార్చుకోకూడదన్నది యేసు సభ (జెస్యూట్) స్థాపకుడు లొయోలా ఇఞాసి గారి నియమం. కొన్ని రోజులు గడియారమే నా ప్రార్థన. లేచిపోవాలనిపించేది, కూర్చునేదాన్ని.

మదర్ తెరేసా ఉత్తరాలు 2007లో అచ్చయినప్పుడు లోకం ఆశ్చర్యపోయింది. మధ్యలో కొద్దికాలం తప్ప, కలకత్తా పేదల మధ్య పని మొదలైనప్పటి నుంచి దాదాపు యాభై ఏళ్లు ఆవిడ లోపల ఇదే చీకటి. అయినా వేకువనే లేచి ప్రార్థన చేశారు, కుష్టు రోగుల గాయాలు కడిగారు. ఫ్రాన్స్‌లోని కార్మెల్ సన్యాసిని లిసియూ చిన్న తెరేసమ్మ కూడా 1897లో చనిపోయే ముందు ఏడాదిన్నర, పరలోకం ఉందా అన్న చీకట్లో విశ్వాస ప్రమాణం చెబుతూ గడిపింది. వాళ్లతో నన్ను పోల్చుకోను. కానీ ఈ దారిలో పెద్దవాళ్లు నడిచారని తెలిశాక నా టెన్షన్ సగం తగ్గింది.

మార్పు ప్రార్థనలో కాదు, బయట ముందు కనిపించింది. పూజలో ఎవరి పిల్లలైనా అల్లరి చేస్తే ఇదివరకు నా ధ్యానం చెడిపోయిందని చిరాకు పుట్టేది. ఇప్పుడు ఆ తల్లి అలసట కనబడుతోంది. ఎండుదనం వల్ల కలిగే మేళ్లలో పొరుగువారిపై ప్రేమ ఒకటని సిలువ యోహాను గారు చెప్పింది దీన్నేనని అనుకుంటున్నాను. తర్వాత్తర్వాత ఆ మౌనంలో కూర్చోవడం బరువనిపించడం మానేసింది. కన్నీళ్లు ఎప్పుడైనా వస్తాయి, చాలా రోజులు రావు. వచ్చిన రోజును మంచి ప్రార్థన అనీ, రాని రోజును చెడ్డ ప్రార్థన అనీ ఇప్పుడు లెక్కవేయడం లేదు.

ఈ ఎండుదనాన్ని సిలువ యోహాను గారు ఇంద్రియాల రాత్రి అన్నారు. దాని తర్వాత ఆత్మ రాత్రి అని ఇంకొకటి ఉంటుందనీ, అది కొద్దిమందికే వస్తుందనీ ఆయన రాశారు. దాని గురించి అడిగితే సిస్టర్ గారు నవ్వి, "ముందు ఈ నెల సంగతి చెప్పు" అన్నారు. నెలకోసారి వెళ్లి చెప్పి వస్తున్నాను.