విశాఖపట్నంలో నేను చేసుకున్న చేతి గడియారం

నా గడియారంలో నేను చేసినవి మూడే: కేసు, డయలు, ముళ్లు. లోపలి యంత్రం పాత హెచ్‌ఎంటీది. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఎవరైనా మెచ్చుకున్నప్పుడు నాకే ఇబ్బందిగా ఉంటుంది. బ్యాలెన్సు చక్రాన్ని అటూ ఇటూ ఊపే, వెంట్రుకంత సన్నని హెయిర్‌స్ప్రింగును, ఇరుసులు తిరిగే కెంపు రాళ్లను ఇంట్లో తయారుచేయడం నావంటి వాడికి అయ్యే పని కాదు.

1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ గడియారాలు ఒకప్పుడు ఇంటింటా ఉండేవి కాబట్టి, కీ ఇచ్చే రకంలో ఆగిపోయినవి మూడు, పూర్ణా మార్కెట్ ప్రాంతంలో గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర సులభంగానే దొరికాయి. రెండింటిని విప్పడం నేర్చుకోవడానికే పాడుచేశాను. కీ ఇస్తే చుట్టుకుని గడియారాన్ని నడిపే మెయిన్‌స్ప్రింగులో మిగిలిన బిగువును మెల్లగా వదలకుండా, చక్రాలను ఆపి ఆపి వదిలే ప్యాలెట్ ఫోర్కును తీయబోతే చక్రాలన్నీ ఒక్కసారిగా గిర్రున తిరుగుతాయని మొదటిది నేర్పింది.

మూడోదాన్ని విప్పి, కడిగి, రాళ్ల దగ్గర సూది మొనతో నూనె చుక్కలు పెట్టి తిరిగి బిగించడానికి నెల పట్టింది. ఫ్యాను వేస్తే చిన్న భాగాలు ఎగిరిపోతాయి, వేయకపోతే మన ఊరి ఉక్కపోతకు నుదుటి చెమట యంత్రం మీద పడుతుంది. అందుకే తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు వరకే కూర్చునేవాడిని.

కేసు కోసం ఆటోనగర్‌లోని ఒక లేత్ షాపుకు వెళ్లాను. పంపుల షాఫ్టులు తీసే టర్నరు నా బొమ్మ చూసి నవ్వినా, పక్కన నిలబడి నేర్చుకోవడానికి ఒప్పుకున్నాడు. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలో లోపలి గుంట కొంచెం వదులుగా వచ్చి మొదటి కేసు చెత్తలోకి పోయింది. డయలుకు పలుచని ఇత్తడి రేకు సరిపోయింది.

నాకు బాగా నచ్చిన పని ముళ్లది. ఉక్కు రేకులోంచి ఆకురాయితో అరగదీసిన ముల్లును అద్దంలా మెరుగుపెట్టి, ఇత్తడి రజను పరిచిన చిన్న పెనం మీద ఉంచి వేడిచేస్తే, ఉపరితలం మీద ఏర్పడే ఆక్సైడు పొర మందాన్ని బట్టి ముందు గడ్డిరంగు, తర్వాత గోధుమ, ఊదా రంగులు వచ్చి, సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముదురు నీలం తేలుతుంది. అక్కడ ఒక్క క్షణం ఆలస్యమైతే నీలం వెలిసిపోతుంది, మళ్లీ మెరుగుపెట్టాల్సిందే. వేలిముద్ర పడిన చోట రంగు అంటదు. నిమిషాల ముల్లు ఏడోసారికి కుదిరింది.

అన్నీ బిగించి కీ ఇస్తే గడియారం నడిచింది గానీ, రోజుకు దాదాపు నాలుగు నిమిషాలు ముందుకు పోతోంది. గంటకు 18,000, అంటే సెకనుకు అయిదు తట్లు కొట్టే యంత్రమది. వేగాన్ని సర్దే చిన్న మీటను, అంటే రెగ్యులేటరును, చివరిదాకా జరిపినా దారికి రాలేదు. వారం తర్వాత పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, ఆయన గడియారాన్ని ముట్టుకోకుండా, “మీ చిమటా ఇలా ఇవ్వండి బాబూ” అన్నారు. దాని మొనను ఒక మరమీద పెట్టి ఎత్తితే మర అతుక్కుని వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది: నేల మీద పడిన మరను వెతకడానికి నేను స్పీకరు అయస్కాంతం వాడాను, దాని పక్కనే చిమటా పెట్టుకున్నాను. ఆ అయస్కాంతత్వం హెయిర్‌స్ప్రింగుకు కూడా పట్టి, చుట్లు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. స్ప్రింగు పొట్టిదైనట్టే లెక్క, అందుకే బ్యాలెన్సు చక్రం తొందరగా ఊగుతోంది. అయస్కాంతత్వం పోగొట్టడానికి ఆయన దగ్గరున్న కరెంటు చుట్ట పరికరంలోంచి చిమటాను, గడియారాన్ని మెల్లగా దూరంగా లాగడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. డబ్బులు తీసుకోలేదు.

రెగ్యులేటరును వెనక్కి తెచ్చి సరిచూసుకున్నాక, ఇప్పుడు చేతికి పెట్టుకుంటే రోజుకు పన్నెండు సెకన్లు ముందుకు పోతుంది. రాత్రి కీ పైకి ఉండేలా నిలబెడితే అందులో కొంత తగ్గుతుందని గమనించి, అలాగే నిలబెడుతున్నాను. కేసు వెనుక మూతకు రబ్బరు రింగు ఇంకా కుదరలేదు కాబట్టి, బీచ్ రోడ్డుకు వెళ్లేటప్పుడు మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్తున్నాను.