పెళ్లి వీడియో చూడ్డానికి వీఎల్‌సీ వేసుకునేవాళ్లకు

తెనాలిలో మాది ఫొటో స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు తీస్తాం. ఎడిటింగ్ అయ్యి పెన్‌డ్రైవ్ ఇచ్చాక చాలా ఇళ్ల నుంచి వచ్చే ఫోన్ ఒకటే: "బాబూ, మాటలు వినపడుతున్నాయి గానీ బొమ్మ రావట్లేదు." పెన్‌డ్రైవ్‌లో ఏ లోపమూ ఉండదు. 4కె లో తీసిన పెళ్లిని హెచ్‌ఈవీసీ పద్ధతిలో కుదించి ఇస్తాం, లేకపోతే మూడు గంటల వీడియో మామూలు పెన్‌డ్రైవ్‌లో పట్టదు. విండోస్‌తో వచ్చే ప్లేయర్‌లో అది ఆడాలంటే చాలా కంప్యూటర్లలో విడిగా ఒక ఎక్స్‌టెన్షన్ కొనుక్కోవాలి. పాత పెళ్లి డీవీడీలదీ అదే తంతు. విండోస్ 8 వచ్చినప్పటి నుంచి విండోస్ మీడియా ప్లేయర్‌లో డీవీడీ ఆడదు.

అందుకే వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ వేసుకోండి అని చెబుతాను. అయితే ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఎక్కడి నుంచి దించుకోవాలో కూడా చెప్పాలి. ఈ పోస్టు రాస్తున్నది అందుకే.

మాకు బాగా కావలసిన రిటైర్డ్ మాస్టారు ఒకరున్నారు. వాళ్లబ్బాయి పెళ్లి మేమే తీశాం. ఆయన గూగుల్‌లో వెతికి, పైన 'స్పాన్సర్డ్' అని వచ్చిన మొదటి లింకు నొక్కారు. అచ్చం అసలుదానిలాగే ఉన్న పేజీ, అదే నారింజ రంగు కోన్ బొమ్మ, మూడు చోట్ల పెద్ద పెద్ద ఆకుపచ్చ డౌన్‌లోడ్ బటన్లు. దిగిన ఫైల్ రెండు ఎంబీ కూడా లేదు. అది తెరిస్తే నెక్స్ట్, నెక్స్ట్ అంటూ వెళ్లింది. మధ్యలో ముందే టిక్ పెట్టి ఉన్న పెట్టెలు, ఒకదాంట్లో 'పీసీ క్లీనర్', ఇంకోదాంట్లో ఏదో సెర్చ్ ఇంజిన్. చివరికి వీఎల్‌సీ కూడా వచ్చింది, వీడియో ఆడింది. ఆయన సంతోషంగా జీలకర్ర బెల్లం ఘట్టం చూసుకున్నారు. తర్వాత మొదలైంది గోల. స్క్రీన్ కింద మూల "మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయి, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని ఒకటే మెసేజీలు. ఆయన పెన్షన్ డబ్బు చూసుకునేది ఆ ల్యాప్‌టాప్‌లోనే. ఆ నంబరుకు ఫోన్ చేయబోతూ, ఎందుకో అనుమానమొచ్చి నాకు చేశారు. "ఏమయ్యా, నువ్వు చెప్పిందే వేశాను, ఇదేంటి ఇలా వస్తోంది?" అన్నారు. "మాస్టారూ, ఆ నంబరుకు మాత్రం చెయ్యొద్దు, నెట్ తీసేయండి, వస్తున్నాను" అని బండి తీశాను.

సెట్టింగ్స్‌లో యాప్స్‌కు వెళ్లి, ఇన్‌స్టాల్ అయిన తేదీ ప్రకారం వరస పెడితే ఆ రోజు దూరినవన్నీ ఒకేచోట కనపడ్డాయి. వీఎల్‌సీతో సహా అన్నీ పీకేశాను. బ్రౌజర్‌లో ఏ సైట్లకు నోటిఫికేషన్లు పంపే అనుమతి ఉందో చూసి, తెలియనివన్నీ తీసేశాను. మూలన వచ్చే ఆ బెదిరింపులు చాలాసార్లు వైరస్ కూడా కావు, ఈ నోటిఫికేషన్లే. తర్వాత విండోస్ సెక్యూరిటీలో పూర్తి స్కాన్ పెట్టాం. అది నడుస్తుండగా మాస్టారి చేత ఫోన్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ మార్పించాను. అదే ల్యాప్‌టాప్‌లో మార్చకూడదు, అందుకే ఫోన్‌లో.

ఇక అసలు దారి. వీఎల్‌సీ సొంత ఇల్లు వీడియోలాన్ డాట్ ఆర్గ్ (videolan.org). సెర్చ్ చేయకుండా ఆ అడ్రసునే పైన టైప్ చేయండి. వీఎల్‌సీ పేరు అటూ ఇటూ మార్చి పెట్టిన సైట్లు చాలా ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. ఎవరైనా డబ్బు అడిగితే, కార్డు నంబరు ఇమ్మంటే అక్కడే ఆపేయండి. అసలు వీఎల్‌సీకి రూపాయి కట్టనక్కర్లేదు, అందులో ప్రకటనలు కూడా ఉండవు. ఎకోల్ సెంట్రల్ పారిస్ అనే ఫ్రాన్స్ ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు 1996లో క్యాంపస్ నెట్‌వర్క్‌లో వీడియో పంపడానికి మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. 2001 ఫిబ్రవరి 1న ఎవరైనా ఉచితంగా వాడుకుని, మార్చుకోనిచ్చే జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ ఇచ్చేశారు. ఇప్పుడు దీన్ని చూసుకునేది వీడియోలాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ. ప్రకటనలు పెట్టడానికి కోట్లు ఇస్తామని వచ్చినవాళ్లను కాదన్నానని దాని అధ్యక్షుడు జాన్ బాటిస్ట్ కెంఫ్ బహిరంగంగానే చెప్పాడు. ఇంత మంచి వస్తువును ఊరికే ఇస్తుంటే, దాని పేరు చెప్పి పెద్దవాళ్లను భయపెట్టి దోచుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మనవాళ్లు పక్క సైట్లకు అలవాటు పడటానికి ఇంకో కారణం కూడా ఉందని నా అభిప్రాయం. 2022లో నెలల తరబడి మన దేశంలో చాలా కనెక్షన్లలో ఈ అసలు సైటే తెరుచుకోలేదు. ఎందుకు ఆపారో జనానికి ఎవరూ చెప్పలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో సికాడా అనే హ్యాకర్ల ముఠా గురించి సిమాంటెక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ ఒక నివేదిక ఇచ్చింది, సైట్ ఆపింది దానివల్లేనేమో అని కొందరు అనుకున్నారు. ఆ ముఠా ముందే చొరబడ్డ కంప్యూటర్లలో అసలైన వీఎల్‌సీ పక్కనే తమ డీఎల్‌ఎల్ ఫైల్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వాడుకునే కోడ్ ఫైల్) ఒకటి పెట్టి, వీఎల్‌సీ తెరిస్తే అది కూడా నడిచేలా చేసింది. అక్టోబరులో వీడియోలాన్ మన దేశంలోని ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ అనే హక్కుల సంస్థ సాయంతో ప్రభుత్వానికి లీగల్ నోటీసు పంపింది, నవంబరులో నిషేధం ఎత్తేశారు. అసలు తలుపు మూసి ఉన్నన్నాళ్లూ వెతికేవాళ్లకు దొరికింది ఇతరుల కాపీలే కదా. సికాడా సంగతి మామూలు ఇళ్లకు వచ్చే ముప్పు కాదు గానీ, దాన్నుంచి నేను పట్టుకున్నది ఒకటుంది: ఎవరో జిప్ చేసి పంపిన వీఎల్‌సీ ఫోల్డర్ తెరవకూడదు. లోపల ప్లేయర్ అసలుదే అయినా పక్కన ఏం పెట్టారో మనకు తెలియదు. కొన్ని స్టూడియోలవాళ్లు పెన్‌డ్రైవ్‌లో వీడియోతోపాటు ప్లేయర్ కూడా వేసి ఇస్తారు. నేను ఇవ్వను. పెన్‌డ్రైవ్ పది కంప్యూటర్లు తిరుగుతుంది, పైగా ఆ వెర్షన్ ఏడాదికల్లా పాతబడుతుంది.

ఫైల్ దిగాక రెండు సంగతులు చూడండి. విండోస్ ఫైల్ సుమారు 40 ఎంబీ ఉంటుంది, మాస్టారికి వచ్చినట్టు రెండు ఎంబీది వస్తే తెరవకుండా డిలీట్ చేయండి. రెండోది, డబుల్ క్లిక్ చేయగానే స్క్రీన్ మసకబారి అనుమతి అడిగే పెట్టె వస్తుంది చూడండి, అందరూ చదవకుండా 'ఎస్' నొక్కేది. అందులో 'వెరిఫైడ్ పబ్లిషర్' అన్నచోట వీడియోలాన్ అని ఉండాలి. 'అన్‌నోన్' అని ఉంటే 'నో' నొక్కండి. సైట్ సరైనదే అయినా ఈ పెట్టె చదవాలి, ఎందుకంటే డౌన్‌లోడ్ నొక్కినప్పుడు ఫైల్ చాలాసార్లు దాని కాపీ ఉంచే వేరే సర్వర్ (మిర్రర్) నుంచి వస్తుంది. మొదటిసారి తెరిచినప్పుడు నెట్ అనుమతుల గురించి అడుగుతుంది. అప్‌డేట్లు చూసుకునే దానికి టిక్ ఉంచండి. పాటల వివరాలు నెట్‌లోంచి తెచ్చే దానికి టిక్ నేనైతే తీసేస్తాను.

అప్‌డేట్ అడిగితే వేసుకోండి. 2017లో చెక్ పాయింట్ అనే సంస్థ సబ్‌టైటిల్ ఫైల్ ద్వారా కూడా కంప్యూటర్‌లోకి దూరొచ్చని చూపించింది, వీఎల్‌సీ కూడా ఆ జాబితాలో ఉంది. వెంటనే సరిచేశారు గానీ, ఆ మరమ్మతు కొత్త వెర్షన్ వేసుకున్నవాళ్లకే అందుతుంది. ఇంకొకటి, వీడియో తెరిస్తే "కోడెక్ డౌన్‌లోడ్ చేసుకోండి" అని ఏదైనా పేజీ వస్తే నమ్మొద్దు. కోడెక్‌లు, అంటే కుదించిన వీడియోను విప్పి చూపించేవి, వీఎల్‌సీలోనే ఉంటాయి.

ఇక చూడ్డం సంగతి. పాత క్యాసెట్ల నుంచి ఎక్కించిన పెళ్లిళ్లలో ఎవరైనా చెయ్యి ఊపినా, తలంబ్రాలు పోసినా అంచుల వెంబడి దువ్వెన పళ్లలాగా గీతలు వస్తాయి. మా తప్పు కాదది, కెమెరా తప్పూ కాదు. ఆ రోజుల్లో పాల్ (PAL) అనే టీవీ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు తీసి, ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా, గీత విడిచి గీత నమోదు చేసేవారు. పాత టీవీలో అది తెలిసేది కాదు, ఇప్పటి స్క్రీన్లలో బయటపడుతోంది. వీఎల్‌సీలో కీబోర్డు మీద 'డి' నొక్కండి, చాలా వీడియోల్లో ఆ గీతలు పోతాయి. మంత్రం ముందు వినపడి పంతులుగారి నోరు తర్వాత కదులుతుంటే 'కె' నొక్కుతూ వెళ్లండి, శబ్దం కొంచెం కొంచెంగా వెనక్కి జరుగుతుంది. శబ్దమే ఆలస్యమైతే 'జె'. ఈ మూడు కీలు తెలియక, నా దగ్గరికి మళ్లీ డబ్బులిచ్చి ఎక్కించుకోవడానికి వచ్చినవాళ్లు ఉన్నారు. కౌంటర్ దగ్గరే నొక్కి చూపించి పంపించేస్తాను.

ఫోన్‌లో చూసేవాళ్లు ప్లేస్టోర్‌లోంచే వేసుకోండి, ఏపీకే ఫైల్ (యాప్‌ను నేరుగా వేసే ఫైల్) ఎవరైనా వాట్సాప్‌లో పంపితే వద్దు. ప్లేస్టోర్‌లో వీఎల్‌సీ కింద తయారీదారు పేరు వీడియోల్యాబ్స్ అని ఉంటుంది, అదే సరైనది. ఆండ్రాయిడ్ టీవీలోనూ అదే యాప్ పనిచేస్తుంది, పెన్‌డ్రైవ్ నేరుగా టీవీకి పెట్టుకోవచ్చు. పెన్‌డ్రైవ్ గుచ్చినా టీవీలో కనపడకపోతే ఒకసారి స్టూడియోకి తీసుకురండి, టీవీ చదివే ఫార్మాట్‌లోకి మార్చి ఇస్తాను. దానికి డబ్బులు తీసుకోను.