పరిమితిని మళ్ళీ 100కు తెచ్చిన కథ

క్లయింట్లు ఇప్పటికే ఎక్కువైపోయారంటూ మా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్ కొత్త కనెక్షన్లకు తలుపు మూసేసిన రోజున నేను చేసిన మొదటి పని, కనెక్షన్ల పరిమితిని 100 నుంచి 1000కి పెంచడం. ఎర్రర్ పోయింది. దానితోపాటు వేగమూ పోయింది.

పోస్ట్‌గ్రెస్ ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. 1986లో బర్కిలీలో ఆ ప్రాజెక్టు మొదలైన కాలానికి అది సబబే. ఒకే ప్రాసెస్ లోపల పక్కపక్కనే నడిచే థ్రెడ్లు అన్ని యంత్రాలలోనూ ఒకేలా దొరికేవి కావు. మా అప్లికేషన్ తీరు వేరు. ఒకే సర్వీసు పది కాపీలుగా నడుస్తుంది, ప్రతి కాపీకీ సొంత పూల్ (తెరిచి ఉంచిన కనెక్షన్ల గుంపు) ఉంటుంది, రద్దీ పెరిగితే కాపీలూ పెరుగుతాయి. పైగా ప్రతి క్వెరీ (డేటాబేస్‌కు పంపే ప్రశ్న) ముందు ఏయే లావాదేవీలు (కలిసి ఖరారయ్యే లేదా కలిసి రద్దయ్యే పనుల కట్టలు, ట్రాన్సాక్షన్లు) సాగుతున్నాయో స్నాప్‌షాట్ తీసుకోవాలి. మేము వాడిన పాత వెర్షన్‌లో ఆ పనికి ఊరికే కూర్చున్న కనెక్షన్లనూ పలకరించాల్సి వచ్చేది. 2021లో వచ్చిన 14వ వెర్షన్ ఈ భారాన్ని బాగా తగ్గించింది కానీ, అప్పటికి మేము అక్కడికి చేరలేదు.

ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపే పీజీ స్టాట్ యాక్టివిటీ తెరిచి చూస్తే చాలావరకు 'ఐడిల్' (ఖాళీ) అనే ఉన్నాయి. నన్ను కంగారు పెట్టినవి 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్' (లావాదేవీ మధ్యలో ఖాళీ) వరుసలు. మా కోడ్ లావాదేవీ తెరిచి, బయటి చెల్లింపు సేవను పిలిచి, జవాబు కోసం కాచుకుని ఉంది. అంతసేపూ టేబుల్ వరుసలకు తాళాలు, పాతబడిన వరుసలను ఊడ్చే వాక్యూమ్‌కు ఆటంకం. రాసింది నేనే. ఆ పిలుపును లావాదేవీ బయటికి తీశాను.

తరువాత అప్లికేషన్‌కూ డేటాబేస్‌కూ మధ్యలో, కొద్ది కనెక్షన్లను అందరికీ పంచే పీజీబౌన్సర్ పెట్టి, ఒక్కో లావాదేవీ వరకే కనెక్షన్ ఇచ్చే ట్రాన్సాక్షన్ పద్ధతి ఎంచుకున్నాం. పదహారు కోర్ల యంత్రంలో ఒకేసారి నిజంగా పనిచేయగల క్వెరీలు ఎన్ని ఉంటాయి? నలభై కనెక్షన్లు ఇస్తే అందరికీ సరిపోయాయి, వేగం తిరిగి వచ్చింది.

అసలు గుండె జారింది పరీక్షల్లో. మా దగ్గర ప్రతి ఖాతాదారు సంస్థకూ వేరే స్కీమా, అంటే డేటాబేస్‌లో టేబుళ్ళకు విడి గది. అభ్యర్థన రాగానే 'సెట్' ఆదేశంతో, ఏ స్కీమాలో వెతకాలో చెప్పే సెర్చ్ పాత్ మార్చేవాళ్ళం. ట్రాన్సాక్షన్ పద్ధతిలో లావాదేవీ ముగియగానే కనెక్షన్ మరొకరి చేతికి వెళ్తుంది. మనం మార్చిన సెట్టింగు మాత్రం దానికే అంటుకుని ఉంటుంది. ఒక సంస్థ పేజీలో మరో సంస్థ బిల్లులు కనిపించాయి! ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. నిజమైన వాడకందారుల ముందు ఇది జరిగి ఉంటే నేను ఈ కథ ఇంత తీరిగ్గా రాసేవాణ్ణి కాదు. 'సెట్' ఉన్న ప్రతి చోటా వెతికి, లావాదేవీతోపాటే రద్దయ్యే 'సెట్ లోకల్'గా మార్చడానికి రెండు వారాలు పట్టింది.

పరిమితిని మళ్ళీ 100కు తెచ్చాను. సెషన్ (కనెక్షన్ తెరిచింది మొదలు మూసేదాకా) మొత్తం అడ్వైజరీ లాక్ (అప్లికేషనే అర్థం నిర్ణయించుకునే తాళం) పట్టుకునే రాత్రి జాబు ఒక్కటి మాత్రం పూల్‌లో ఇమడలేదు. అది ఇప్పటికీ బౌన్సర్‌ను తప్పించుకుని నేరుగా పోస్ట్‌గ్రెస్ 5432 పోర్టుకే వెళ్తుంది.