పారిస్ లైబ్రరీల్లో వెలుతురు

ప్రూఫులు దిద్దే పని నాది. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు చూసేది వెలుతురు ఎటునుంచి పడుతోందనే. కాగితం మీద మన తల నీడే పడితే పది నిమిషాల్లో కళ్లు లాగేస్తాయి. నవంబర్‌లో పారిస్‌లో నాలుగు రోజులు ఖాళీ దొరికితే, ఆ నాలుగూ లైబ్రరీలకే ఇచ్చాను.

మొదట ఫ్రాన్స్ ప్రముఖుల సమాధులున్న పాంథియాన్ ఎదురుగా ఉన్న సెంట్ జెనెవీవ్. ఆర్కిటెక్ట్ ఆంరీ లాబ్రూస్ట్ కట్టిన ఈ లైబ్రరీ 1851లో తెరిచారు. బయటి గోడ నిండా 810 మంది రచయితల పేర్లు చెక్కి ఉన్నాయి. నేను రోడ్డు మీదే నిలబడి చాలాసేపు చదివాను. ఊరికే అలంకారానికి చెక్కినవి కావవి. సరిగ్గా ఆ గోడకు లోపలివైపు పుస్తకాల అరలుంటాయి.

గుమ్మానికి రెండు వైపులా రాతి దీపాలు. వాటికి కారణముంది. రాత్రిపూట కూడా చదువుకునేలా గ్యాస్ దీపాలు పెట్టుకుని కట్టిన లైబ్రరీ ఇది. గుమ్మం దాటగానే ముందు హాలు గోడల మీద చెట్ల బొమ్మలు గీసి ఉంటాయి. వీధికీ లైబ్రరీకీ మధ్య నిజం తోట ఒకటి ఉండాలని లాబ్రూస్ట్ కోరిక. స్థలం చాలలేదు, అందుకే తోటను గోడ మీదికి తెచ్చాడు. ఇది చదివినప్పటినుంచీ ఆయన నాకు బాగా తెలిసిన మనిషిలా అనిపిస్తున్నాడు.

రెండో రోజు రిషెల్యూ వీధిలోని నేషనల్ లైబ్రరీ పాత భవనం. అక్కడ 1868లో తెరిచిన రీడింగ్ హాలు కూడా లాబ్రూస్ట్‌దే. ఇక్కడ మాత్రం అగ్నిప్రమాదం భయంతో గ్యాస్ దీపాలు వద్దన్నారు. చీకటి పడితే లైబ్రరీ మూసేయడమే! అందుకని ఆకాశమే దీపంగా కట్టాడాయన. తొమ్మిది గుమ్మటాలు, ఒక్కోదాని నడినెత్తిన గుండ్రటి గాజు కిటికీ. ఆ బరువంతా మోసేవి 16 పోత ఇనుప స్తంభాలు. ఒక్కోటి 10 మీటర్ల ఎత్తు, లావు చూస్తే 30 సెంటీమీటర్లే. గుమ్మటాల లోపలివైపు తెల్లటి పింగాణీ పలకలు పరిచారు. పైనుంచి దిగిన వెలుతురు వాటికి తగిలి మెత్తబడి బల్లల మీద సమంగా పరుచుకుంటుంది. గోడల పైభాగాన ఇక్కడా చెట్ల బొమ్మలే, కొమ్మల వెనక నీలం ఆకాశం. లైబ్రరీ కార్డు లేదు కాబట్టి నేను గుమ్మం దగ్గరనుంచే చూశాను. చదువుతున్న ఒకావిడ తల వంచుకుని రాస్తోంది. ఆమె కాగితం మీద నీడ లేదు.

మూడో రోజు సెన్ నది ఒడ్డున కొత్త నేషనల్ లైబ్రరీ. తెరిచిన పుస్తకాల్లా నిలబడ్డ నాలుగు గాజు టవర్లు. దూరంనుంచి అందంగానే ఉన్నాయి గానీ పుస్తకాలు దాచాల్సింది గాజులోనా? ఎండ తగలకుండా లోపల చెక్క తలుపులు బిగించాల్సి వచ్చింది. నాకు నచ్చలేదు. మధ్యలో ఉన్న పైన్ చెట్ల తోట మాత్రం మనసుకు పట్టింది. అద్దంలోంచి చూడొచ్చు గానీ అందులో నడవనివ్వరు.

చివరి రోజు మళ్లీ రిషెల్యూ వీధికే వెళ్లాను, ఓవల్ హాలు కోసం. 1936లో తెరిచిన ఈ హాలును పదేళ్లకు పైగా మరమ్మతులు చేసి 2022లో అందరికీ తెరిచారు. కార్డు అక్కర్లేదు, టికెట్ లేదు. వెళ్లి కూర్చోవడమే. నా పక్కన ఒక పిల్లాడు కామిక్ పుస్తకంలో మునిగిపోయాడు, వాళ్ల తాతయ్య కాబోలు, ఎదురుగా కునుకు తీస్తున్నాడు. తల పైకెత్తితే 18 మీటర్ల ఎత్తున కోడిగుడ్డు ఆకారంలో పెద్ద గాజు కప్పు. నాలుగింటికి బూడిద రంగులో ఉన్నది అయిదయ్యేసరికి ముదురు నీలానికి తిరిగింది. పిల్లాడు పుస్తకాన్ని ముఖానికి కొంచెం దగ్గరగా జరుపుకున్నాడు. నేను చెయ్యి చాపి మా ఇద్దరి మధ్య ఉన్న దీపాన్ని అతనివైపు తిప్పాను.